కూర్చుని నడిపే చిన్న రైలు: ఫోటోలో ఇంజన్ బొమ్మలా, డ్రైవరు రాక్షసుడిలా వస్తున్నారు. ఎక్కడ తప్పు?

పులస_సీజన్ అడిగిన ప్రశ్న

నమస్కారమండి. కడియం దగ్గర నర్సరీ తోటలో 7¼ అంగుళాల గేజి (పట్టాల మధ్య దూరం) లైను ఉంది. ఇంజన్లు రెండు. ఒకటి 24 వోల్టుల బ్యాటరీతో నడిచే డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్ నమూనా. రెండోది బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజన్, ఇంగ్లండు డ్రాయింగుల ప్రకారం కట్టింది. సంక్రాంతి మూడు రోజులూ నడుపుతారు. నడిపేవాళ్లకి ఆల్బం చేసివ్వాలి కాబట్టి ఇంజన్ల ఫోటోలూ వాళ్ల ఫోటోలూ రెండూ కావాలి.

నా దగ్గర ఉన్నవి: ఏపీఎస్-సీ సెన్సారు కెమెరా, 18–55, 55–200, 50 ఎఫ్/1.8 లెన్సులు, ఒక ఫోను. ట్రయల్ ఫోటోల్లో వచ్చిన తేడాలు ఇవి:

నించుని 50 లెన్సుతో ఎఫ్/2 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా తెరిచి తీస్తే ఇంజన్ ముక్కు బాగుంది, వెనక సగం మసక. మొత్తం మీద షోకేసులో బొమ్మలా ఉంది. షేడ్ నెట్ కిందకి రైలు రాగానే అందరి మొహాలూ పచ్చగా వస్తున్నాయి. షట్టర్ వేగం 1/250 సెకను పెడితే పక్కనుంచి తీసిన ప్రతి ఫోటో కదిలింది. 1/2000 పెడితే చక్రాలు ఆగిపోయినట్టున్నాయి. ఇక ఆవిరి ఇంజన్‌కి ఆవిరే కనపడటం లేదు, మధ్యాహ్నం 12 గంటలకి తీశాను.

ఒక్కోటీ ఎలా సరిచేయాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.

ఇరుసు

ఆ మసకా, బొమ్మతనం ఒకే జబ్బండి. చూసుకోవాల్సినవి కెమెరా ఎత్తు, ఫోకస్ లోతు (ఎంత దూరం మేర స్పష్టంగా వస్తుందో అది). ఈ రెండూ కుదిరితే బొమ్మతనం చాలావరకు పోతుంది.

ముందు ఎత్తు. అసలు రైలుని మనం నేలమీద నించుని చూస్తే కన్ను పట్టాలకి సుమారు 5 అడుగులు, అంటే 152 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. నమూనాకి ఆ ఎత్తుని స్కేలుతో భాగించాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. గేజి ఒకటే కదా అని రెండు ఇంజన్లకీ ఒకే లెక్క వేస్తారు. ఇంగ్లండు ప్రామాణిక గేజి 4 అడుగుల 8½ అంగుళాలు, అది 7¼ అంగుళాలకి దిగితే ఎనిమిదో వంతు. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, అది 184 మిల్లీమీటర్లకి, అంటే అదే 7¼ అంగుళాలకి దిగితే తొమ్మిదో వంతు. కాబట్టి మీ ఆవిరి ఇంజన్‌కి లెన్సు మధ్యభాగం పట్టాల పైనుంచి 19 సెంటీమీటర్లు, డబ్ల్యూడీఎం-2కి 17. ప్లాట్‌ఫాం మీంచి చూస్తున్నట్టు కావాలంటే ప్లాట్‌ఫాం ఎత్తు కూడా కలపాలి. మన హై లెవెల్ ప్లాట్‌ఫాం 84 సెంటీమీటర్ల వరకూ ఉంటుంది, అప్పుడు 26 సెంటీమీటర్లు వస్తుంది. అదే ఇంజన్ డార్జిలింగ్ నమూనా అయితే లెక్క మొత్తం మారిపోయేది. అసలు లైను 2 అడుగుల గేజి కనక స్కేలు 3.3 మాత్రమే, కెమెరా 46 సెంటీమీటర్ల పైన ఉండాలి. ఏ ఇంజన్‌కి నమూనానో అడక్కుండా నేలమీద పడుకోకండి.

రెండోది లోతు. పెద్ద రైలుని దూరం నుంచి చూస్తే ముక్కు నుంచి తోక దాకా స్పష్టంగానే కనిపిస్తుంది. దగ్గరి చిన్న వస్తువుకే వెనక మసక వస్తుంది. మీరు ఎఫ్/2 పెట్టి ఆ మసకని కొని తెచ్చుకున్నారు. లెక్క చూడండి: మీ సెన్సారు మీద 50 మి.మీ. లెన్సు, 3 మీటర్ల దూరం, ఎఫ్/2 అయితే స్పష్టంగా ఉండేది అటూ ఇటూ కలిపి 30 సెంటీమీటర్లు. డబ్ల్యూడీఎం-2 అసలు పొడవు 17 మీటర్ల పైచిలుకు, మీ నమూనా 1.9 మీటర్ల దగ్గర ఉంటుంది. 30 సెంటీమీటర్లు ఏ మూలకీ చాలవు. అదే 4 మీటర్లకి జరిగి ఎఫ్/11 పెడితే దాదాపు 3 మీటర్ల నుంచి 6 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది, ఇంజన్ అంతా అందులో ఇమిడిపోతుంది. ఫోకస్ ముక్కు మీద కాకుండా దానికి జానెడు వెనక పెట్టండి. ఎఫ్/16 దాటొద్దు. మీ సెన్సారుకి అక్కడ నుంచి మొత్తం బొమ్మే మెత్తబడుతుంది.

18 మి.మీ. దగ్గర పెట్టి ఇంజన్ మూతి దగ్గరికి పోకండి. ముక్కు బూరెలా ఉబ్బి వెనక భాగం తోకలా సన్నబడుతుంది. 55–200ని 80–100 దగ్గర పెట్టి 6–8 మీటర్లు వెనక్కి జరిగితే ఆకారం నిటారుగా నిలబడుతుంది. ఇంజన్ ఫ్రేములో అంతే పెద్దగా ఉంటే ఫోకస్ లోతులో పెద్ద తేడా రాదు, మారేది ఆకారమే.

ఫోనుని తక్కువ చూడకండి. సెన్సారు చిన్నది కనక లోతు దానంతటదే వస్తుంది. తలకిందులుగా పట్టుకుంటే లెన్సు నేలకి రెండు మూడు సెంటీమీటర్ల దాకా దిగుతుంది, ఏ ట్రైపాడూ అంత కిందకి రాదు. 2ఎక్స్ జూమ్ వాడండి. పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ఆపెయ్యండి, అది దొంగ మసక పూసి మళ్లీ బొమ్మని చేస్తుంది.

ఇంకోటి, పట్టాల పక్కన పడున్న చెప్పు, ఎండు కొబ్బరి మట్ట, రాలిన పిందె, ఇవి చూడగానే ఇంజన్ ఎంతదో తెలిసిపోతుంది. నిజం రైలులా కావాలంటే ముందే ఏరెయ్యండి. నమూనా అని తెలియాలంటే అవే కావాలని పెట్టండి, పట్టాల పక్కన కొబ్బరికాయ కంటే మంచి కొలబద్ద మన వైపు లేదు.

గట్టుమీద_గొడుగు

ఇరుసు గారు వెలుతురు సంగతి వదిలేశారు కాబట్టి అది నేను అందుకుంటాను. ఎఫ్/11 అనడం సులువే, దానికి వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చూడాలి కదండీ.

షేడ్ నెట్ మీద 50 శాతం, 75 శాతం అని ఉంటుంది, అది ఆపే వెలుతురు. 50 శాతం నెట్ ఒక స్టాపు మింగుతుంది (స్టాపు అంటే వెలుతురు సగమవడం), 75 శాతం నెట్ రెండు. నిండు ఎండలో ఎఫ్/11, 1/1000కి ఐఎస్‌ఓ (సెన్సారు సున్నితత్వం) 500 చాలితే 75 శాతం నెట్ కింద అదే ఫోటోకి 2000 కావాలి. పొద్దున్నే పల్చటి ఎండకి ఇంకో రెండు స్టాపులు కలుపుకోండి. నాయిస్ భయంతో ఎఫ్/4కి దిగిపోతే మళ్లీ మొదటికొస్తుంది, అంతకంటే ఐఎస్‌ఓ పెంచుకోవడమే నయం.

పచ్చదనానికి ఆటో వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెల్లగా చూపించేలా రంగు సర్దే సెట్టింగు) సరిపోదు. అది పసుపు నీలాల మధ్య బాగానే సర్దుకుంటుంది, ఆకుపచ్చని మాత్రం పూర్తిగా తీసెయ్యదు. అదే నెట్ కింద, మనుషులు కూర్చునే ఎత్తులో తెల్ల కాగితం పట్టుకుని కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి. మల్లెపువ్వులాంటి ఫోటో ప్రింటు కాగితం వద్దు, దాంట్లో మెరుపు కోసం కలిపే రసాయనం వల్ల నీలం కొడుతుంది. గ్రే కార్డు ఉంటే ఇంకా మంచిది. రా (RAW) ఫైలు, అంటే కెమెరా రంగులు ఖాయం చెయ్యని ఫైలు తీస్తే తర్వాత టింటుని మెజెంటా వైపు జరుపుకోవచ్చు. కానీ సగం మనిషి నెట్ కింద, సగం ఎండలో ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యదు. నెట్ అంచుకి అటో ఇటో మూడు మీటర్లు వదిలి తీయండి.

కొబ్బరి చెట్ల కింద చుక్కల నీడ మరీ మోసకారి. నల్ల ఇంజన్ మీద పడితే చిరుతపులి ఒళ్లులా ఉంటుంది, గీతలూ రివెట్లూ ఏవీ కనపడవు. అక్కడ ఎదురెండలో తీయడం తప్ప దారి లేదు. సూర్యుడు ఇంజన్ వెనక, ఆకుల సందుల్లోంచి వచ్చే కిరణాలు ఆవిరిలో బారులు తీరతాయి. ఆ ఒక్క ఫోటోకి ఆ చోటు పనికొస్తుంది, మిగతావాటికి కాదు.

సంక్రాంతి రోజుల్లో సూర్యుడు రోజంతా దక్షిణాన్నే ఉంటాడు. మన అక్షాంశానికి మిట్టమధ్యాహ్నం కూడా 52 డిగ్రీలే లేస్తాడు. లైను తూర్పు పడమరలుగా పోయేచోట దక్షిణం పక్క కూర్చోండి, చక్రాల మీదకి ఎండ వస్తుంది. అదే మే మొదటి వారంలో అయితే మధ్యాహ్నం నడినెత్తిన ఉంటాడు, ఫుట్‌ప్లేటు (చక్రాల పైనుండే పలక) నీడలో చక్రాలు మొత్తం నల్లగా పోతాయి.

పోలరైజర్ (తళుకు తగ్గించే ఫిల్టరు) గురించి ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెప్తున్నా. పెయింటు మీది తళుకు తగ్గుతుంది, ఇత్తడి గుమ్మటం మీది తళుకు తగ్గదు. లోహం మీంచి నేరుగా తిరిగొచ్చే వెలుతురు మీద దాని ప్రభావం అంతంతమాత్రం. పైగా స్టాపున్నర దాకా పోతుంది. నల్ల ఇంజన్ ఫ్రేము నిండా ఉంటే కెమెరా మీటరు దాన్ని బూడిద రంగు చేద్దామని చూస్తుంది, ఎక్స్‌పోజరు –0.7 పెట్టండి. తెల్లటి ఆవిరి కూడా ఎండలో ఉంటే –1.

బొగ్గుమసి

ఆవిరి కనపడకపోవడంలో మీ కెమెరా తప్పేం లేదండి. పొగగొట్టంలోంచి వచ్చే అసలు ఆవిరి కంటికి కనపడదు. అది చల్లబడి సన్న తుంపర అయ్యాకే తెల్లగా కనిపిస్తుంది. గాలి వేడిగా, పొడిగా ఉంటే ఆ తుంపర పుట్టీపుట్టగానే ఇంకిపోతుంది. మే నెల మధ్యాహ్నం పొగగొట్టం మీద జానెడు తెల్లదనం కూడా నిలవదు. పుష్యమాసం తెల్లవారుజామున, బోదె గట్టు మీద మంచు ఉండగా, తేమ నిండుగా ఉన్న గాలిలో అదే ఇంజన్ వెనక మీటర్ల కొద్దీ బారు తీస్తుంది. 6:30 దాటాక సూర్యోదయం. అక్కణ్ణుంచి 8 లోపు మీ ఆవిరి ఫోటోలన్నీ అయిపోవాలి.

వెనక ఏముందో కూడా చూసుకోండి. తెల్లటి మంచు ముందు తెల్లటి ఆవిరి తీస్తే ఏమీ ఉండదు. వెనక నల్లటి కొబ్బరి తోపో మామిడి చెట్టో ఉండాలి.

నల్ల పొగ కావాలని డ్రైవరుని పదేపదే అడక్కండి. నల్ల పొగ అంటే కొత్త బొగ్గు వేసి గాలి చాలక సరిగ్గా మండకపోవడం. చిన్న బాయిలర్లో ట్యూబులు సన్నవి, మసి పట్టిందంటే వేడి నీళ్లకి అందక ప్రెషర్ పడిపోతుంది. తర్వాత బ్రష్షు పెట్టి తోమేది ఆయనే. ఒక రౌండుకి ఒకసారి, ముందుగా చెప్పి అడిగితే చాలు.

ఇప్పుడు ముఖ్యమైంది. మీరు 19 సెంటీమీటర్ల ఎత్తున మొహం పెట్టుకుని ఉంటారు. ఆగి ఉన్న ఇంజన్ సిలిండర్లలో ఆవిరి నీరైపోతుంది. ఆ నీళ్లు ఉండగా పిస్టన్ కదిలితే సిలిండర్ మూతలే పగలొచ్చు. అందుకని బయల్దేరేటప్పుడు డ్రెయిన్ కాకులు (సిలిండర్లలో నీళ్లు వదిలే చిన్న కొళాయిలు) తెరుస్తారు. మరిగే నీళ్లూ ఆవిరీ నూనే కలిసి ఇంజన్ ముందు భాగంలో, నేలబారున, పక్కకి చిమ్ముతాయి. అది సరిగ్గా మీ కళ్ల ఎత్తు. ఇంజన్ కదలబోయే ముందు సిలిండర్లకి ఎదురుగా ఉండకూడదు. వెనక చక్రాల వైపు, కనీసం రెండు మీటర్లు దూరం. బాయిలర్లో నీళ్లు మరీ ఎక్కువైతే పొగగొట్టంలోంచి కూడా నల్ల నీళ్లు ఉమ్ముతుంది. లెన్సు మీద పడితే చొక్కా అంచుతో తుడవొద్దు, అందులో బొగ్గు రవ్వ ఉంటుంది, గీత పడుతుంది. ముందు బ్లోయరుతో ఊది, తర్వాత లెన్సు ద్రవం. ఈ ఒక్క పనికి యూవీ ఫిల్టరు పెట్టుకోవడం మంచిదే.

మనుషుల ఫోటోలకి మంచి సమయం రైలు తిరిగేటప్పుడు కాదు, నిప్పు రాజేసేటప్పుడు. చల్లటి బాయిలర్ ప్రెషర్ ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది. పొగగొట్టం నెత్తిన చిన్న బ్లోయరు ఫ్యాను పెట్టి గాలి లాగిస్తారు. మొదటి ఇరవై నిమిషాలు ఆయన చేతులు నూనె డబ్బా మీదా ఇరుసుల మీదా ఉంటాయి, మాట్లాడతారు, మీరు ఎంత దగ్గరికైనా వెళ్లొచ్చు. ప్రెషర్ ముల్లు కదలడం మొదలయ్యాక పలకరించకండి. అప్పుడు చూపంతా వాటర్ గేజి మీదే ఉండాలి, పక్కనుంచి "ఇటు చూడండి" అంటే జరిగే నష్టం ఫోటో నష్టం కాదు.

షెడ్డులో ట్యూబ్‌లైటు కింద తీస్తే 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. మన కరెంటు 50 సైకిళ్లు, లైటు సెకనుకి వందసార్లు మిణుకుతుంది. 1/500 పెడితే ఒక ఫోటో పసుపు, ఒకటి నీలం, ఒకటి అడ్డచారలు.

నడిపేవాళ్లకి నిజంగా కావలసిన ఫోటో ఒకటుంటుంది, బయటివాళ్లు దాన్ని తియ్యరు. ఇంజన్ని పూర్తిగా పక్కనుంచి, ఇరుసుల ఎత్తున, దూరం నుంచి 150–200 మి.మీ. దగ్గర, మబ్బు వెలుతురులో తీసింది. రెండు పక్కలా తీయాలి, కదిలే భాగాలు రెండు పక్కలా ఒకటే అయినా పైపులు వేరు. పాతకాలంలో ఇంజన్ కార్ఖానాలు అధికారిక ఫోటో కోసం ఇంజన్‌కి తళుకు లేని బూడిద రంగు వేసేవి, నలుపులో వివరాలు మునిగిపోతాయని. మీరు రంగు వెయ్యలేరు కనక మబ్బు కోసం చూడండి, లేదా ఎండకి అడ్డంగా తెల్లటి పంచె ఇద్దరు పట్టుకున్నా అదే మెత్తటి వెలుతురు వస్తుంది.

పులస_సీజన్

అందరికీ ధన్యవాదాలండి. డ్రెయిన్ కాకుల సంగతి తెలియకపోతే సరిగ్గా అక్కడే పడుకునేవాణ్ణి. ఇంకా రెండు మిగిలాయి. షట్టర్ వేగం ఎంత? బర్స్టులో (బొత్తాము నొక్కి పట్టి వరసగా) తీస్తే ఎన్ని తీసినా చక్రాల్ని కలిపే రాడ్లు ఒకే రెండు చోట్ల కనిపిస్తున్నాయి, ఎందుకు? పైగా ఆటోఫోకస్ ప్రతిసారీ ఇంజన్ వదిలేసి డ్రైవరు మొహం పట్టుకుంటోంది.

ఇరుసు

రైలు గంటకి 8 కిలోమీటర్లు పోతోందనుకుందాం, అంటే సెకనుకి 2.2 మీటర్లు. 1/250లో అది 9 మిల్లీమీటర్లు కదులుతుంది. పక్కనుంచి 4 మీటర్ల దూరంలో 50 మి.మీ. లెన్సుకి అది సెన్సారు మీద 0.11 మి.మీ. గీత. కంటికి స్పష్టంగా అనిపించాలంటే 0.02 దగ్గర ఉండాలి. అందుకే కదిలింది. పూర్తిగా పక్కనుంచి అయితే 1/1000–1/1250, ముందు మూల నుంచి ఎదురొస్తుంటే 1/500 చాలు.

కానీ ఆవిరి ఇంజన్ని 1/1000లో బిగదీస్తే ఆగి ఉన్న ఇంజన్‌కీ దానికీ తేడా ఏముంది? పక్కనుంచి తీసేటప్పుడు 1/60 పెట్టి రైలుతోపాటు కెమెరా తిప్పండి. 7 అంగుళాల చక్రం చుట్టు 56 సెంటీమీటర్లు, ఈ వేగానికి సెకనుకి 4 చుట్లు. 1/60లో చక్రం 24 డిగ్రీలు తిరుగుతుంది, రాడ్లు చక్కగా చెదురుతాయి, బాయిలర్ నిలకడగా ఉంటుంది. వెనక కొబ్బరి మొద్దులు అడ్డగీతలవుతాయి. పదిలో ఏడెనిమిది పాడవుతాయి, అది మామూలే. వైబ్రేషన్ రిడక్షన్‌లో (చేతి వణుకు తగ్గించే ఏర్పాటు) పానింగ్ మోడ్, అంటే ఇలా కెమెరా తిప్పి తీయడానికి ఉండే సెట్టింగు ఉంటే అది, లేకపోతే ఆపెయ్యండి. మీరు పక్కకి తిప్పుతుంటే అది ఆపాలని పోరాడుతుంది.

బర్స్టు సంగతి భలే పట్టుకున్నారు. మీ కెమెరా సెకనుకి 8 ఫ్రేములు తీస్తోందనుకుంటాను. చక్రం సెకనుకి 4 చుట్లు. ప్రతి ఫ్రేముకీ సరిగ్గా అర చుట్టు! అందుకే రాడ్లు రెండే చోట్ల దొరుకుతున్నాయి. డ్రైవరుని కాస్త నిదానించమనండి, లేదా బర్స్టు వేగం మార్చండి. రాడ్లు కిందికి దిగి ఉన్నప్పుడు ఇంజన్ బలంగా, పట్టాల మీద కూర్చున్నట్టు కనిపిస్తుంది. నాకు ఆ స్థానమే ఇష్టం. సైలెంట్ ఎలక్ట్రానిక్ షట్టర్ మాత్రం వాడకండి, సెన్సారు వరసలవారీగా చదువుతుంది కనక చక్రాలు కోడిగుడ్లలా వస్తాయి.

ఫోకస్‌కి: ఫేస్ డిటెక్షన్ ఆపండి. ఇంకా మంచిది, ఒక స్లీపరు (పట్టాల కింది అడ్డదిమ్మ) ఎంచుకుని దానిమీద ముందే ఫోకస్ పెట్టి మాన్యువల్‌కి మార్చెయ్యండి. ముందు చక్రం ఆ స్లీపరు చేరగానే నొక్కాలి. ఎఫ్/11 దగ్గర ఒకటి రెండు జానల తేడా వచ్చినా కాపాడుతుంది.

ఒక్కమాట డ్రైవరు గురించి. నిజం రైలులా కావాలంటే ఆయన ఫ్రేములో ఉండకూడదు. ముందు మూల నుంచి, ముక్కుకి దగ్గరగా, బాగా కిందనుంచి తీస్తే బాయిలర్ చాటున చాలావరకు దాక్కుంటారు.

కోటిపల్లి_రైల్‌బస్

డ్రైవరుని దాచడం దగ్గర ఇరుసు గారితో నాకు పేచీ ఉందండి. ఆ ఇంజన్ చిన్నదని ఎవరికి తెలియదు? పెద్ద మనిషి చిన్న ఇంజన్ వెనక కాళ్లు ముడుచుకుని, వేలి కొసలతో రెగ్యులేటర్ (ఆవిరి వదిలే మీట) తిప్పుతుంటాడు చూడండి, ఆ కూర్పే ఈ సరదాకి ప్రాణం. ఆల్బం వాళ్లకోసం అన్నప్పుడు వాళ్లని దాచేసి ఇస్తే ఏం బాగుంటుంది? 15 అంగుళాల గేజిలో ఈ గొడవ అంతగా లేదు. ఇంగ్లండులో 1927లో మొదలైన రోమ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వేలో ఇంజన్లు అసలులో మూడో వంతు ఉంటాయి, డ్రైవరు ఇంజన్ వెనకాలే ఒదిగి కూర్చుంటాడు. 7¼లో మనిషి బయటే ఉంటాడు, ఉండనివ్వండి.

మనుషుల కోసం తీసేటప్పుడు 19 సెంటీమీటర్ల ఎత్తు మర్చిపోండి. కూర్చున్నవాళ్ల గడ్డం ఎత్తుకి, అంటే నేలమీంచి రెండున్నర మూడడుగులకి కెమెరా తేవాలి. మరీ కిందనుంచి తీస్తే మోకాళ్లూ ముక్కు రంధ్రాలూ తప్ప ఏమీ రావు. మీ టైటిల్లోని రాక్షసుడు అలా పుట్టినవాడే. ఎఫ్/4, 85–135 మి.మీ., ఫేస్ డిటెక్షన్ మళ్లీ ఆన్. చేతులు విడిగా తీయండి, ఇంజెక్టర్ (బాయిలర్లోకి నీళ్లు ఎక్కించేది) వాల్వు తిప్పే చెయ్యి, మసి పట్టిన గోళ్లు, బ్యాటరీ ఇంజన్ కంట్రోలర్ బొత్తాము మీద బొటనవేలు. బ్యాటరీ ఇంజన్‌కి ఆవిరీ రాడ్లూ లేవు కాబట్టి దాన్ని బతికించేది ఈ చేతులే.

పిల్లల బోగీ దగ్గర మాత్రం జాగ్రత్త. అందులో గుర్రం ఎక్కినట్టు ఇటో కాలు అటో కాలు వేసి కూర్చుంటారు. పట్టాల మధ్య దూరం 18 సెంటీమీటర్లే, పైన మనిషి బరువంతా ఎత్తులో. ఒంపులో మీరు పక్కనుంచి "బుజ్జీ, ఇటు చూడు" అన్నారంటే బుజ్జి వాలిపోతుంది, బోగీ కూడా వాలుతుంది. పక్కనుంచి పేరు పెట్టి పిలవొద్దు. చూపు కావాలంటే తిన్నని దారిలో, ఎదురుగా దూరంగా నించుని చెయ్యి ఊపండి. ట్రైపాడ్ కాలు పట్టాలకి మీటరు లోపల ఉండకూడదు, బోగీ మీద మోకాళ్లు పట్టాలు దాటి చాలా బయటకి వస్తాయి. పట్టాల మీద కాలు వెయ్యొద్దు. మన జిగట మట్టి మీద వేసిన లైను వాన పడ్డాక ముందే కుంగి ఉంటుంది, మీ బరువుకి లెవెల్ ఇంకా తప్పితే తర్వాత వచ్చే బోగీ దిగిపోతుంది. పిల్లల ఫోటోలు ఎక్కడైనా పెట్టేముందు తల్లిదండ్రుల్ని అడగండి.

ఇరుసు

పేచీ ఒప్పుకున్నాను. రెండు రకాలూ తీయమనండి, కానీ ఒకే ఫ్రేములో రెండూ కలిపే ప్రయత్నం వద్దు. అక్కడే ఆయనకి బొమ్మా రాక్షసుడూ వచ్చింది.

గట్టుమీద_గొడుగు

మర్చిపోయాను. ఏసీ కారులోంచి దిగి మంచులో సంచి తెరిచారంటే లెన్సు మొత్తం చెమర్చేస్తుంది, ఆ తెల్లవారుజాము అరగంటా పోయినట్టే. రాత్రే ఏసీ లేని గదిలో పెట్టుకోండి, లేదా జిప్ వేసిన సంచిలోనే అరగంట బయట ఉంచి అప్పుడు తెరవండి. తుడిస్తే లాభం లేదు, గాజు చల్లగా ఉన్నంతసేపూ మళ్లీ పడుతుంది. ఇంటికొచ్చాక అదే తడి సంచిలో వదిలేస్తే ఫంగస్. సిలికా జెల్ వేసిన గట్టి మూత డబ్బాలో, తేమ 40–50 శాతం దగ్గర ఉంచాలి.

నేలబారు కెమెరాకి ఆధారం కావాలంటే గట్టి గుడ్డ సంచిలో కేజీన్నర బియ్యం పోసి వదులుగా కుట్టండి. కెమెరా పెట్టి ఎటు నొక్కితే అటు కుదురుకుంటుంది, పానింగ్‌కి కూడా తిరుగుతుంది. ఊక వద్దు, దుమ్ము రాలి లెన్సు మౌంటులోకి పోతుంది. గడ్డి మీద మంచు ఉంటుంది కాబట్టి కింద ప్లాస్టిక్ పట్టా వెయ్యండి, బియ్యం తడిస్తే బూజు పడుతుంది.

పులస_సీజన్

ఆయ్, బియ్యం సంచి ఇవాళే కుట్టిస్తాను. ఆఖరిగా ఒకటి: సాయంత్రం డబ్ల్యూడీఎం-2 హెడ్‌లైటు వేసి నడుపుతారట. ట్రయల్లో లైటు చుట్టూ తెల్లటి ముద్ద, ఫోటోలో అడ్డచారలు. వేరే లైటు పెట్టించమనాలా?

ఇరుసు

అక్కర్లేదు. చారలు రావడానికి కారణం లైటు వెలుగు తగ్గించడానికి వాడే డిమ్మరు, అది ఎల్ఈడీని సెకనుకి వందల సార్లు ఆర్పి వెలిగిస్తుంది. నిండు వెలుగులో పెట్టమంటే చాలావరకు పోతాయి. అప్పటికీ ఉంటే మెకానికల్ షట్టరు, 1/100. ముద్ద రావడానికి కారణం చీకటి పడ్డాక తీయడం. సూర్యాస్తమయం అయిన పది పదిహేను నిమిషాలకి, ఆకాశం ఇంకా నీలంగా ఉండగా తీయండి, సంక్రాంతికి అది 6 గంటల ప్రాంతం. ఎక్స్‌పోజరు ఆకాశానికి కుదర్చండి, లైటుకి కాదు. ఇంజన్ పక్కలు కనపడటానికి డ్రైవరుకి ఎదురుగా ఫ్లాష్ కొట్టొద్దు, కళ్లు చీకట్లు కమ్ముతాయి. రైలు ఆపించి బియ్యం సంచి మీద కెమెరా పెట్టి ఎఫ్/11, 2 సెకన్లు, సెల్ఫ్ టైమరు. డ్రైవరు ఆ రెండు సెకన్లూ కదలకుండా ఉంటే చాలు.